ఒకే గుడ్డ మీద ఇద్దరం

ఆవిడ పోయిందన్న కబురు వచ్చినప్పుడు నేను అప్పడాల పిండిలో ఇంగువ నీళ్ళు కలుపుతున్నాను. చేతులు ఖాళీ లేవు. మోగుతున్న ఫోనుని సత్యవతి తీసి నా చెవికి ఆనించి పట్టుకుంది.

“దీదీ, నేనండి,” అన్నాడు ఆవిడ భర్త. బోట్ల మీద నేర్చుకున్న తెలుగు అతనిది. గాలికి వినపడదేమోనని ప్రతి మాటా గట్టిగా అంటాడు. “ఆమె పోయిందండి. నిన్న సాయంత్రం.”

అతనే మళ్ళీ, “మీరు కూర్చోండి దీదీ,” అన్నాడు.

“కూర్చునే ఉన్నానయ్యా.”

“డబ్బా ఉందాండి?”

“ఉంది.”

“సరేనండి,” అని పెట్టేశాడు.

షెడ్డులో ఉన్న ఆడవాళ్ళందరికీ సత్యవతి చెప్పింది. “ముత్తైదువుగా వెళ్ళిపోయింది, అదృష్టవంతురాలండి,” అంది ఒకావిడ. పోయాక ఆ అదృష్టాన్ని మనిషి ఏం చేసుకుంటుందో నాకు తెలియదు. ఇంగువ నీళ్ళు మాత్రం ఎక్కువయ్యాయి. ఆ రోజు అప్పడాల ఘాటు గురించి మీలో ఎవరైనా మా తోటికోడలికి ఫిర్యాదు చేసి ఉంటే, తప్పు నాది.

నేను ముప్పై మూడేళ్ళు పిల్లలకి సామాన్యశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. రిటైరయ్యాక భక్తి పెరుగుతుందని అందరూ అన్నారు. నాకు మోకాళ్ళ నొప్పులే పెరిగాయి. అమలాపురం నుంచి మామిడికుదురు వెళ్ళే దారిలో, కాలువ గట్టున, మా తోటికోడలు వడియాలూ అప్పడాలూ చేయించే షెడ్డు ఒకటి పెట్టింది. “ఊరికే వచ్చి కూర్చోండి అక్కయ్యా. మీరుంటే వీళ్ళు కబుర్లు తగ్గిస్తారు,” అంది. వెళ్ళి కూర్చున్నాను. వాళ్ళు కబుర్లు తగ్గించలేదు. నేనే వడియాలు పెట్టడం మొదలుపెట్టాను.

షెడ్డు మేడ మీద, ఎండలో, ఒక్కో గుడ్డకి ఇద్దరు. తడిపి పిండిన పాత పంచె పరిచి, ఎదురెదురుగా కూర్చుని, చెరో అంచు నుంచీ పెట్టుకుంటూ మధ్యకి రావాలి. ఎదుటి మనిషి కుదరకపోతే ఆ పంచె మధ్యలో సరిహద్దు తగాదా తయారవుతుంది. నా నోటి మంచితనం వల్ల నాకెదురుగా ఎవరూ రెండు వారాలకి మించి నిలవలేదు. ఆరేళ్ళ క్రితం మాఘమాసంలో, గుమ్మడి వడియాలు మొదలుపెట్టిన రోజున, మా తోటికోడలు ఒక కొత్తావిడని తెచ్చి నా ఎదుట కూర్చోబెట్టింది.

“ఈవిడకి తెలుగు రాదండి అక్కయ్యా. మీరేమన్నా ఫర్వాలేదు.”

షెడ్డులో అందరూ ఆవిణ్ణి కలకత్తా ఆవిడ అనేవారు. ఆవిడ కలకత్తా చూసిందో లేదో ఎవరూ అడగలేదు. మేదినీపురం జిల్లాలో ఒక ఏటి పక్క పల్లె ఆవిడది. రాజోలు మనిషిని బెజవాడ ఆవిడ అంటే ఎంత నిజమో ఇదీ అంతే. మొగుడూ పెళ్ళాలిద్దరూ మొదట మా ఊరి రొయ్యల చెరువుల మీద పనికి వచ్చారు. చెరువులు దెబ్బతిన్నాక ఆయన అంతర్వేది వైపు బోట్ల మీద చేపల వేటకి మారాడు. ఆవిడ మాత్రం మా వీధి చివరి గదిలోనే ఉండిపోయింది. అప్పటికి ఆవిడకి యాభై దాటి ఉంటాయి. చేతికి తెల్లని శంఖు గాజు ఒకటి, ఎర్రగాజు ఒకటి. తెలుగు ముక్క రాదు. నాకొచ్చిన బడి హిందీ ఆవిడకి రాదు. నన్ను చూసి “దీదీ” అంది. ఆ తర్వాత నేను తెలుగూ, హిందీ, ఇంగ్లీషూ, చేతిసైగలూ అన్నీ వాడి చూసి ఊరుకున్నాను.

ఆ మొదటి పొద్దుటే తగాదా వచ్చింది. బూడిద గుమ్మడికాయని మేం సన్నగా ముక్కలు తరిగి, ఉప్పేసి, మూటకట్టి నీరు పిండుతాం. ఆవిడ తన వాటా కాయని కొబ్బరి కోరినట్టు కోరేసింది.

“ఇదేంటండీ టీచరుగారూ, పచ్చడికా?” అంది సత్యవతి. సత్యవతి గ్రైండరు చూస్తుంది, కాకుల్ని తోలుతుంది, మిగతా టైములో అందరి మీదా వ్యాఖ్యానం చేస్తుంది.

“వాళ్ళ ఊళ్ళో గుమ్మడికాయకి కూడా తెలుగు రాదు కాబోలు. వదిలెయ్యి,” అన్నాను.

తర్వాత మినప్పిండి గిలకొట్టాలి. గ్రైండరు రుబ్బుతుంది గాని, గాలి పట్టేలా గిలకొట్టడం చేతి పనే. అయిందో లేదో చూడటానికి చిటికెడు పిండి తీసి నీళ్ళలో వేస్తాం. తేలితే అయినట్టు, మునిగితే కానట్టు. నీళ్ళ గిన్నె కోసం నేను చెయ్యి చాపాను. అదే గిన్నె కోసం ఆవిడా చెయ్యి చాపింది. ఇద్దరం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. ఆవిడ తన బేసిన్లోంచి చిటికెడు వేసింది, తేలింది. నా బేసిన్లోంచి చిటికెడు తీసి వేసింది. అది నెమ్మదిగా, మర్యాదగా మునిగిపోయింది. బేసిను మళ్ళీ నా వైపు తోసింది. ముప్పై మూడేళ్ళు నేను పిల్లల కాగితాలు వెనక్కి తోశాను. నా కాగితాన్ని ఒకరు వెనక్కి తొయ్యడం అదే మొదలు.

మధ్యాహ్నం ఆవిడ అన్నానికి గదికి వెళ్ళింది. కాకుల కోసం మేడెక్కిన సత్యవతి పెద్ద కేక పెట్టింది. అందరం వెళ్ళి చూశాం. మా పంచెకి ఆవిడ వైపు అంచున, అన్నిటికన్నా మొదట, రెండు పెద్ద వడియాలు. మిగతావాటికి రెట్టింపున్నాయి. రెండింటి మీదా గరికపోచలు గుచ్చి ఉన్నాయి. ఒకదాని నెత్తి మీద ఎర్రటి బొట్టు. నేను నా పిండి మళ్ళీ గిలకొట్టుకుంటున్నప్పుడు పెట్టి ఉంటుంది.

“అమ్మబాబోయ్, చేతబడండి!” అంది సత్యవతి.

“నీ మొహం. మినప్పిండే అది.”

“బస్టాండు గోడల మీద కాయితాలు చూళ్ళేదాండీ మీరు? బెంగాలీ మంత్రగాడు, ఇరవై నాలుగ్గంటల్లో పని అని. అక్కడోళ్ళందరికీ వచ్చేస్తదండి అది. నేను ఆ గుడ్డ ముట్టుకోనండి బాబూ. ఆవిడుంటే మేవెవ్వరం కూర్చోం.”

మిగతావాళ్ళు “ఆయ్, ఆయ్” అన్నారు. మా తోటికోడలు చేతులు నలుపుకుంది. “ఇప్పుడేం చేద్దావండి అక్కయ్యా? ఆవిణ్ణి పంపించెయ్యమంటారా?”

నేను అక్కడే నిలబడి చిన్న ఉపన్యాసం ఇచ్చాను. చేతబడి లేదనీ, ఉన్నా వడియానికి ఎక్కదనీ చెప్పాను. చెప్పి, ఒక అట్టముక్క తీసుకుని, ఆ రెండు వడియాలనీ ఎత్తి, పిట్టగోడ మీంచి కాలువలోకి విసిరేశాను. “పోయింది. ఇంక పని చూసుకోండి,” అన్నాను. అందరూ పనిలోకి వెళ్ళారు. ఆవిడ పని పోకుండా కాపాడానని నేను చాలాసేపు నాకు నేను చెప్పుకున్నాను. కాని ఒక్క సంగతి మీకు చెప్పకుండా దాటెయ్యలేను. ఆ వడియాల్ని నేను చేత్తో తియ్యలేదు. అట్టముక్కతో తీశాను. సైన్సు టీచర్ని.

ఆవిడ తిరిగివచ్చి అంచు చూసింది. గుడ్డ ఎత్తి చూసింది, కింద చూసింది, చెత్తబుట్టలో చూసింది. నా దగ్గరికి వచ్చి రెండు వేళ్ళు చూపించింది. రెండు, ఏవి?

నేను చేతులు రెక్కల్లా ఆడించి, ముక్కు ముందుకి చాపి, “కావ్, కావ్” అన్నాను. రెండు వేళ్ళతో ముక్కున కరుచుకుని ఆకాశంలోకి వెళ్ళిపోయినట్టు కూడా చూపించాను. అబద్ధం ఆడారని ఎంతమంది పిల్లల్ని బెంచీ ఎక్కించానో లెక్కలేదు. అంత కష్టపడి అబద్ధం చెప్పిన పిల్లవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు.

“నేనుండగా కాకొచ్చిందన్నారాండీ?” అని సత్యవతి నొచ్చుకుంది.

మర్నాడు ఆవిడ ఫోను తెచ్చి నా చేతికిచ్చింది. అవతల వాళ్ళ కోడలు. మొగుడితో కొన్నాళ్ళు సూరత్‌లో ఉండి హిందీ నేర్చుకుందట. “అత్తగారు అడగమంటున్నారు, ఆ కాకి ఎటువైపు పోయింది?” అంది.

“తూర్పుకి,” అన్నాను. మొదలుపెట్టాక ఆపడం కష్టం.

ఆ పిల్ల అత్తగారికి చెప్పింది. తర్వాత నాకు అసలు సంగతి చెప్పింది. ఏటా వడియాలు మొదలుపెట్టిన రోజున మొదట రెండు పెద్దవి పెట్టడం వాళ్ళ ఆనవాయితీ. ఒకటి ముసలాయన, ఒకటి ముసలమ్మ. గరిక పెట్టి, ముసలమ్మకి సిందూరం పెట్టి, ఇద్దరికీ పెళ్ళి చేసినట్టు. ఆ జంటని ఏడాదంతా డబ్బాలో దాస్తారు. మరుసటి ఏడు కొత్త జంట పెట్టాక, పాత జంటని కూరలో వేసుకుని ఇంటి యజమానీ యజమానురాలూ చెరొకటి తింటారు. మళ్ళీ ఏటికి ఇద్దరం ఉన్నాం అని. “మామగారు నిన్ననే బోటెక్కారు. వారం దాకా రారు. అందుకని అత్తగారికి కొంచెం బెంగగా ఉంది. అంతేనండి, కాకి తీసుకుపోతే ఎవరేం చేస్తారు?” అంది.

ఎవరేం చేస్తారు అని నేనూ అన్నాను.

అప్పటినుంచి ఆవిడ పక్కన ఒక వెదురుకర్ర పెట్టుకుని కూర్చునేది. ఒక్క కాకిని వాలనిచ్చేది కాదు. కొబ్బరిచెట్ల మీద కూర్చున్నవాటిని కూడా అదిలించేది. ఏ పాపమూ ఎరగని కాకులు నా కళ్ళ ముందే తిట్లు తింటుంటే నేను తల వంచుకుని వడియాలు పెట్టేదాన్ని.

వారం అయింది. బోటు రాలేదు. ఎనిమిదో రోజు ఫోను చేస్తే మోగలేదు. సముద్రంలో గాలి ఉందన్నారు. తొమ్మిదో రోజున ఆవిడ మామూలుగానే పనికి వచ్చింది. పిండి గిలకొట్టింది. చిటికెడు నీళ్ళలో వేసి, అది తేలిందో మునిగిందో చూడటం మర్చిపోయి, గిన్నెకేసి అలాగే చూస్తూ కూర్చుంది. బోటు రాకపోవడానికీ రెండు వడియాలకీ సంబంధం లేదని నాకు తెలుసు. తరగతిలో అయితే బోర్డు మీద రాసి నిరూపించేదాన్ని. కాని ఆయన నిజంగా రాకపోతే ఆవిడ జీవితాంతం కాకిని తిట్టుకుంటుంది. ఆ కాకిని నేను.

కర్ర ఆవిడ చేతిలోంచి తీసి పక్కన పెట్టాను. ముందు కాకిలా చేతులు ఆడించి, కాదని తల అడ్డంగా ఊపాను. వేలు నా గుండెకి పెట్టుకున్నాను. అట్టముక్క తెచ్చి, ఎలా ఎత్తానో, ఎలా నడిచానో, ఎక్కడ నిలబడి విసిరానో అంతా చేసి చూపించాను. అబద్ధం కంటే నిజానికి అభినయం తక్కువ కావాలి అనుకుంటారు మీరు. కాదు.

ఆవిడ లేచి పిట్టగోడ దాకా వెళ్ళి కాలువకేసి చూసింది. కాలువలో మామూలుగా గుర్రపుడెక్క కొట్టుకుపోతోంది. తిరిగివచ్చి కూర్చుంది. నా కుడిచెయ్యి పట్టుకుని మణికట్టు మీద రెండు దెబ్బలు వేసింది, చంటిపిల్లల్ని కొట్టినట్టు. నిజంగానే తగిలాయి. తర్వాత ఆ చేతిని అలాగే లాగి బేసిన్లో పెట్టింది. మళ్ళీ పెడదాం అని.

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. బొట్టు లేని నా నుదురు చూపించాను. మావారు పోయి అప్పటికి ఐదేళ్ళు. ఇలాంటి వ్యవహారాల్లో మమ్మల్ని ఎవరూ పిలవరనీ, పిలవకపోవడమే హాయి అనీ ఆవిడకి చేతులతో చెప్పడం నా వల్ల కాలేదు. చెప్పక్కర్లేకపోయింది. వాళ్ళ వైపూ ఇదే పద్ధతి కాబోలు, ఒక్క క్షణం ఆగి ఆలోచించింది. ఆలోచించి, న్యాయమైన తీర్పు చెప్పింది. పిండి నా చేతిలో పెట్టి గుడ్డ మీద కుడిపక్కన చోటు చూపించింది. ముసలాయన్ని నేను పెట్టాను. ముసలమ్మని ఆవిడ పెట్టింది. సిందూరం ఆవిడ అద్దింది, గరికపోచలు నేను గుచ్చాను. సత్యవతి దూరం నుంచి చూసి, ఈసారి నోరు మూసుకుంది.

పదకొండో రోజు మధ్యాహ్నం అతను సరాసరి షెడ్డుకే వచ్చాడు, చేపల వాసనతో. ఇంజను చెడిపోతే ఇంకో బోటు కట్టి లాక్కొచ్చిందట. ఇంజను పాడవడానికి కారణం ఇంజను, బోటు రావడానికి కారణం ఇంకో బోటు, వడియం కాదు. ఆ మాట నేను ఆవిడతో అనలేదు, భాష రాక కాదు.

ఆవిడ లేవలేదు. గడ్డంతో నీళ్ళ బకెట్టు చూపించింది, చేతులు కడుక్కోమని. అతను కడుక్కుని వచ్చాక, తలెత్తకుండా వడియాలు పెడుతూనే ఏదో పొడుగ్గా చెప్పింది. అతను పెద్దగా నవ్వాడు.

“ఏంటయ్యా?”

“మీరు కాకిలా చాలా బాగా చేసేరంటండి, దీదీ.”

అంతా చెప్పేసిందన్నమాట. “పాపం, నమ్మింది,” అన్నాను.

“నమ్మలేదండి. కాకి కాదని అప్పుడే తెలుసంట. కాకయితే పక్కన వడియాలు చెదిరిపోవాలి కదండీ? ఎవరో తీసేరనుకుంది. మీరని తెలీదంట.”

“మరి అన్ని రోజులూ కర్ర పట్టుకుని కూర్చుందెందుకు?”

అతను అడిగాడు. ఆవిడ చెయ్యి ఆపకుండా రెండు ముక్కల్లో జవాబిచ్చింది.

“మీరు అంత కష్టపడి చెప్పేరు కదా, అందుకంటండి.”

ఆ రోజు తర్వాత ఐదేళ్ళు ఆవిడ నా ఎదురుగా కూర్చుంది. ఐదేళ్ళలో ఆవిడ నేర్చుకున్న తెలుగు మాటలు మూడు. మొదటిది “ఆయ్”. అది అవునా, కాదా, సరేనా, విన్నానా అన్నది స్వరాన్ని బట్టి మనం తెలుసుకోవాలి. కోనసీమలో పుట్టినవాళ్ళలో కూడా ఇంతకన్నా ఎక్కువ మాటలు అవసరం లేనివాళ్ళని నేను చూశాను. మిగతా రెండూ కలిపి ఒకటే వాక్యం: “రేపు ఎండ.” సాయంత్రం పనయ్యాక చెయ్యి కడుక్కుని, కొంగు దులుపుకుని, మెట్ల దగ్గర నిలబడి చెప్పేది. మబ్బు పట్టి ఉన్నా చెప్పేది. తుపాను హెచ్చరిక వచ్చి గొడుగులు కూడా తిరగబడుతున్న రోజున కూడా చెప్పి వెళ్ళింది. “ఈవిడ వాతావరణశాఖలో ఉండాల్సిన మనిషండి,” అనేది సత్యవతి.

నేను పలక కొని అక్షరాలు నేర్పబోయాను. ఆవిడ ఆ పలక మీద పచ్చిమిరపకాయలు తరిగింది. మా మనవరాలు నా ఫోనులో ఏదో పెట్టి ఇచ్చింది. మనం తెలుగులో అంటే అది బెంగాలీలో చెబుతుందిట. “మీ ఆరోగ్యం ఎలా ఉంది?” అని ఫోనుకి చెప్పాను. లోపల్నుంచి ఒక మగాడు రేడియో వార్తలు చదివినట్టు ఏదో అన్నాడు. ఆవిడ ఉలిక్కిపడి పమిట సర్దుకుంది. తర్వాత ఫోను తీసుకుని, దాని మీద గుడ్డ కప్పి, పక్కన పెట్టి, మళ్ళీ పిండిలో చెయ్యి పెట్టింది. పరాయి మగాడు మధ్యలో ఎందుకని కాబోలు. నాకూ సబబే అనిపించింది.

అక్షరాలు నేర్పలేకపోయాను గాని, నేర్చుకున్నాను. పిండి ఒకే దిక్కుకి గిలకొట్టాలి, మధ్యలో తిప్పు మార్చకూడదు. గుమ్మడికాయ కోరితేనే వడియం గుల్లగా వస్తుంది. ఈ రెండో సంగతి ఒప్పుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఒప్పుకున్న రోజున నేనే ఒక కాయ కోరి ఆవిడ ముందు పెట్టాను. “ఆయ్,” అంది. ఆ స్వరంలో ఉన్న గెలుపు మీరు విని ఉండాల్సింది. టిఫిను వేళకి మరమరాల్లో ఆవనూనె, పచ్చిమిర్చి కలిపి నా ముందు కూడా ఒక దోసెడు పోసేది. ఆవనూనె వాసన నాకు పడదు. ఐదేళ్ళూ తిన్నాను.

ఏటా మాఘంలో మొదటిరోజు ముసలాయన నా వంతు, ముసలమ్మ ఆవిడ వంతు. ఆ పూట సత్యవతే పళ్ళెంలో గరిక తెచ్చి పెట్టేది, తనకేమీ సంబంధం లేనట్టు మొహం పెట్టుకుని.

కిందటేడు శ్రావణంలో ఆవిడ ఎడమచేత్తో పొట్ట నొక్కి పట్టుకుని కుడిచేత్తో అప్పడాలు ఒత్తడం మొదలుపెట్టింది. నాలుగు రోజులు చూసి, ఆటో మాట్లాడి అమలాపురం ఆస్పత్రికి తీసుకెళ్ళాను. భర్త వేటలో ఉన్నాడు. డాక్టరు కుర్రవాడు, ఓపికైనవాడు. ఎప్పటినుంచి నొప్పి, తిన్నాకా తినకముందా, నిద్ర పడుతోందా అని అడిగాడు. అన్నిటికీ నేనే చెప్పాను. తిన్నాక కాదు, తిన్న గంటకి. మరమరాలు మానేసి పదిహేను రోజులైంది. కుడిపక్కకి ఒరగలేకపోతోంది, పీట మీద కూర్చున్నప్పుడు బరువు ఎడమవైపు వేస్తోంది. ఆవిడ పక్కన కూర్చుని “ఆయ్, ఆయ్” అంటోంది.

“మీకు బెంగాలీ వచ్చాండి?” అన్నాడు డాక్టరు.

“రాదండి.”

“మరివన్నీ ఎలా తెలిసేయండి?”

“ఐదేళ్ళుగా ఒకే గుడ్డ మీద వడియాలు పెడుతున్నామండి.”

అతను కలం పక్కన పెట్టి మా ఇద్దరినీ చూశాడు. తర్వాత పరీక్షలు రాశాడు. వాటి ఫలితం వచ్చాక నాకు విడిగా చెప్పాడు, చాలా ముదిరిందని. ఆ మాటకి అభినయం నా దగ్గర లేదు. ఆవిడ నా మొహం చూసి, అడగకుండా, నా చేతిలోంచి కాగితాలు తీసుకుని మడతపెట్టి సంచిలో పెట్టుకుంది.

భర్త వచ్చాక సొంతూరు వెళ్ళిపోదామని నిశ్చయించుకున్నారు. వెళ్ళే రోజు ఉదయం ఆవిడ మా ఇంటికి వచ్చింది. అంతకుముందు ఎప్పుడూ రాలేదు. గడప దగ్గర నిలబడి, కొంగు చాటు నుంచి ఒక రేకు డబ్బా తీసి నా చేతుల్లో పెట్టింది. పిల్లల పాలపొడి డబ్బా, మూత చుట్టూ గుడ్డ చుట్టి ఉంది. ఏముందో నాకు తెలుసు. ఆ ఏడు మేం పెట్టిన జంట. వాళ్ళ కోడలు ఉంది, కొడుకు ఉన్నాడు, ఇల్లుంది. రైల్లో పట్టుకెళ్ళలేనంత బరువేమీ కాదు. అయినా ఆ జంటని ఒకసారి కాలువ పాలు చేసిన మనిషి చేతిలోనే పెట్టి వెళ్ళింది. నేను డబ్బాకేసి చూపించి, కాలువ వైపు విసిరినట్టు చెయ్యి ఆడించాను. మళ్ళీ పారేస్తానేమో, ఆలోచించుకో అని.

ఆవిడ నవ్వింది. నా మణికట్టు మీద ఒక దెబ్బ వేసింది, ఈసారి తగలకుండా. మెట్లు దిగి, ఆటో ఎక్కబోతూ వెనక్కి తిరిగి, “రేపు ఎండ,” అంది. వాన పడుతోంది అప్పుడు.

కర్మలన్నీ అయ్యాక అతను మళ్ళీ బోట్ల పనికి వచ్చాడు. ఒకరోజు అంతర్వేది వెళ్తూ దారిలో మా ఇంటి దగ్గర ఆగాడు. డబ్బా తెచ్చి ముందు పెట్టాను. మూత తీశాడు. లోపల ఇద్దరూ ఉన్నారు. ముసలమ్మ నెత్తిన ఎరుపు కొంచెం వెలిసింది. చాలాసేపు చూసి, మూత పెట్టేశాడు.

“ఇక్కడే ఉంచండి దీదీ. బోటు మీద తేమ తగులుతుంది,” అన్నాడు, ఎప్పటిలాగే గట్టిగా. కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత మాఘం వచ్చింది. మొదటి గుడ్డ పరిచి కూర్చున్నాను. ఎదురుగా పీట ఖాళీ. నా బేసిన్లోంచి చిటికెడు తీసి నీళ్ళలో వేశాను, తేలింది. తోసి వెనక్కి పంపేవాళ్ళు లేరు గనక అదే చివరి మార్కు. కుడిపక్కన ముసలాయన్ని పెట్టి, చెయ్యి ఆపాను. షెడ్డు అంతా చూస్తోందని తెలుస్తూనే ఉంది.

సత్యవతి గ్రైండరు ఆపి, చేతులు కడుక్కుని, కొంగుకి తుడుచుకుంటూ వచ్చి ఆ పీట మీద కూర్చుంది.

“ముసలమ్మని నేను పెట్టనాండి, టీచరుగారూ?”

“చేతబడి కదే?”

“మీరూరుకోండి. ఎంత పెద్దది పెట్టాలండి?”

చూపించాను. పెట్టింది. కొంచెం వంకరగా వచ్చింది. బొట్టు మాత్రం చక్కగా పెట్టింది. నేను గరిక గుచ్చాను. ఎండ బాగానే కాసింది.

కొత్త జంట ఎండింది, వేరే డబ్బాలో పెట్టాను. పద్ధతి ప్రకారం పాత జంటని ఇప్పుడు కూరలో వెయ్యాలి. ఇద్దరు కూర్చుని తినాలి. ఆ ఇద్దరిలో ఒకరు లేరు, ఇంకొకరు సముద్రం మీద ఉన్నారు. అందుకని ఉంచేశాను. పప్పుల డబ్బాల పక్కన, రెండో అరలో. కందిపప్పు కోసం చెయ్యి పెట్టినప్పుడల్లా ఆ రేకు డబ్బా కాస్త కదులుతుంది. లోపల రెండూ ఒకదానికొకటి తగిలి టక్కుమంటాయి.